భుజం మీది నాలుగు చుక్కలు

బతికి ఉన్న తల్లిని ఫోటోలోంచి తుడిచేసి, ఆమె బిడ్డను దిక్కులేని పిల్ల అని తెల్లదొరల సీమలో ఊరూరా చూపించారు. బిడ్డ పేరు లచ్చి. తల్లి పేరు రాజవ్వ. ఫోటో తీసింది ఇక్కడే, టేక్మాల్ దారిలో, పోలీస్ యాక్షన్ జరిగిన కొద్ది వారాలకు. తుడిచింది మాత్రం సముద్రానికి అవతల, ఒక ధర్మ సంఘం ఆఫీసులో, వెలుతురు బాగా పడే బల్ల ముందు కూర్చొని, సన్న కుంచెతో. తుడిచిన చేతికి రాజవ్వ ఎవరో తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

ఫోటో పనిలో నా అనుభవాలు రాసి పెట్టమని మా చర్చి వీధి కుర్రవాళ్లు అడిగారు. వాళ్లలో ఒకడు మొన్ననే ఏదో ధర్మ సంస్థ వెంట ఆఫ్రికా పోయి వచ్చాడు, కెమెరా మెడలో వేసుకొని. కరువు ఫోటోలు తెచ్చి చూపించాడు. బాగున్నాయి. "గీ పిల్ల పేరేందిరా" అని అడిగితే, "పేర్లు అడగలేదు తాతా, టైం లేకుండె" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. లెన్సుల సంగతి, వెలుతురు సంగతి దుకాణం వాళ్లు చెబుతారు. నేను మనుషుల సంగతి చెబుతాను.

మచ్చ వేరు, మనిషి వేరు

నేను ఉర్దూ బడిలో నాలుగో జమాత్ దాటలేదు. తెలుగు చదవడం చర్చి పాటల పుస్తకం పట్టుకొని నేర్చుకున్నాను. ఇంగ్లీషు ఫోటో మందుల డబ్బాల మీద నేర్చుకున్నాను. "చీకటి గదిలోనే తెరవాలి", "తడి తగలనివ్వరాదు" అన్నవి నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు వాక్యాలు. తర్వాత పాత పేపర్లు. డిగ్రీలు ఉన్నవాళ్లు నా ఇంగ్లీషు చూసి నవ్వారు. నవ్వనీ. నా ఉత్తరాలు చదివినవాళ్లకు నేను ఏమడుగుతున్నానో అర్థం కాకపోవడం అన్నది ఎన్నడూ లేదు.

పని నేర్పింది ఖాదర్ మియా. మెదక్ బజారులో, ఖిల్లా గుట్ట కనబడేచోట ఆయన ఫోటో దుకాణం ఉండేది. నేను ఉస్తాద్ అనేవాణ్ని. అప్పట్లో ఫోటో పడేది గాజు పలక మీద. దాన్ని ప్లేటు అనేవాళ్లం. ప్లేటు మీద సన్న పెన్సిలుతో మొటిమలు, మచ్చలు సరిచేయడం ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను. ఇంకో పని కూడా ఉంటుంది. ప్లేటు మీద ఎర్ర రంగు పూస్తే, పూసిన చోట కాగితం మీద ఏమీ పడదు, తెల్లగా మిగిలిపోతుంది. వెనక ఉన్న పాత గోడనో, అడ్డం వచ్చిన గేదెనో తీసేయడానికి ఆ రంగు వాడేవాళ్లం.

ఒకసారి తూప్రాన్ వైపు నుంచి ఒక పటేలు వచ్చాడు. అన్నదమ్ములు కలిసి దిగిన ఫోటో తీసుకొచ్చి, పంపకాల్లో కొట్లాట అయింది కాబట్టి తమ్ముణ్ని అందులోంచి తీసేయమన్నాడు.

"పంచుకున్నది పొలం గద పటేలా," అన్నాడు ఉస్తాద్.

"పొలం, ఇల్లు, ఎడ్లు. అన్నీ పంచుకున్నం. ఇగ వాడెందుకు నా పక్కన?"

"గా దినం కూసున్నడు గద పక్కన. గా దినాన్ని నేనెట్ల తుడుస్త? మచ్చ తుడవమంటే తుడుస్త. మనిషిని తుడవ."

"పైసలిస్తనంటున్న గద."

"ఇస్తవు. రేపు మీ తమ్ముడొచ్చి నిన్ను తుడవమంటడు. గాయిన గుడ ఇస్తడు."

పటేలుకు నవ్వు రాలేదు. ఫోటో తీసుకొని పోయిండు. ఉస్తాద్‌కు ఇంకో అలవాటు ఉండేది. ప్లేటు ఆరిన తర్వాత అంచున సూదితో మనిషి పేరు గీకేవాడు, ఉర్దూలో, తిరగేసి, కాగితం మీద సరిగ్గా పడేలా. కూలివాడైనా జాగీర్దారైనా గీకేవాడు. "ఎందుకు ఉస్తాద్, గిరాకీలకు చదువే రాదు" అంటే, "ప్లేటుకు మనిషి ఎవ్వలో తెల్వాలె గద" అనేవాడు. నాకు వృత్తిలో అంతకు మించిన పాఠం ఎవరూ చెప్పలేదు.

ఫోటో దొర

ఆ కాలం ఎట్లాంటిదో ఇప్పటివాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలి. రజాకార్లు ఊళ్ల మీద పడి ఇళ్లు కాల్చారు. వాళ్లను ఎదిరించిన ఎర్రజెండా సంఘం వాళ్లు అడవిలో తిరిగారు. తర్వాత యూనియన్ మిలిట్రీ వచ్చింది, నిజాం దిగిపోయాడు. అంతటితో అయిపోలేదు. ఒకవైపు ముస్లింల ఇళ్ల మీద పగలు తీర్చుకున్నారు, ఇంకోవైపు మిలిట్రీ సంఘం వాళ్ల కోసం పల్లెలన్నీ గాలించింది. రైతు ఎవరికి భయపడాలో రోజూ పొద్దున లేచి అడిగి తెలుసుకోవలసి వచ్చేది.

అప్పుడు సీమ నుంచి ఒక ధర్మ సంఘం మెదక్‌కు వచ్చి, బంగ్లా ఒకటి కిరాయికి తీసుకొని గంజి కేంద్రాలు పెట్టింది. మా చర్చికి, మా దవఖానాకు దానితో సంబంధం లేదు, రెంటినీ కలిపి తిట్టకండి. ఆ సంఘం తరఫున ఫోటోలు తీయడానికి ఒక మనిషి వచ్చాడు. పల్లెల్లో జనం అతన్ని ఫోటో దొర అన్నారు, నేనూ అదే అంటాను. మంజీర దాటేటప్పుడు అతని చిన్న కెమెరా నీళ్లలో పడి పనికిరాకుండా పోయింది. అందుకని ఉస్తాద్ దగ్గరున్న మూడు కాళ్ల పెద్ద కెమెరాను, దానితోపాటు నన్నూ కుదుర్చుకున్నాడు.

కష్టపడే మనిషి. అది ఒప్పుకోవాలి. బురదలో నడిచాడు, మాతోపాటు జొన్న రొట్టె తిన్నాడు, జ్వరం వచ్చినా ఆగలేదు. కానీ అతనికి కావలసిన ఫోటోలన్నీ అతని తలలో ముందే ఉన్నాయి. మా దగ్గరికి వచ్చింది వాటికి సరిపోయే మనుషులను వెతుక్కోవడానికి.

శివ్వంపేట దిక్కు ఒక ఊళ్లో ఇల్లు కాలిపోయిన ముసలాయన ఒకడు దొరికాడు. ఫోటో అనగానే ఆగమని చెప్పి, ఎవరింట్లోనో తెల్ల అంగీ అడుక్కొని తొడుక్కొని, తలకు రుమాలు చుట్టుకొని వచ్చాడు. మన దగ్గర ఫోటో అంటే పెళ్లికి పోయినట్టే గద. దొర చూసి, అంగీ విప్పమని చెప్పు అన్నాడు. నేను చెప్పాను.

"అంగీ ఇప్పాల్నా? ఇదేమన్న దవఖానానా?" అన్నాడు ముసలాయన.

"బీదగ కనబడాల్నట తాతా."

"ఇల్లు కాలింది, ఎడ్లు పోయినయి. ఇంకెంత బీదగ గావాల్నట? ఇల్లు కాలింది గని ఇజ్జత్ కాలలేదని చెప్పు."

నేను చెప్పాను, ఉన్నది ఉన్నట్టు. దొర నవ్వి, వేరే మనిషిని చూద్దాం అన్నాడు. ముసలాయన ఫోటో తీయలేదు. ఆ తెల్ల అంగీతోటే, కాలిన దూలాల ముందు, అట్లాగే నిలబడి ఉన్నాడు మేం ఊరు దాటేదాకా. నేను చూసిన ఫోటోలన్నింటిలో తీయవలసింది అది, తీయనిదీ అదే.

ఆమె పట్టుకోకుంటే బొమ్మ పడదు

టేక్మాల్ దారిలో ఒక పాత బడి వరండాలో గంజి పోస్తున్నారు. అక్కడ దొరకు లచ్చి కనబడింది. మూడు నాలుగేళ్ల పిల్ల, పెద్ద కళ్లు, ఒంటి మీద ఎవరిదో వదులు చొక్కా. జ్వరంతో వణుకుతోంది. ఆ కళ్లను చూసి దొర అక్కడే ఆగిపోయాడు.

తల్లి రాజవ్వ గిన్నె పట్టుకొని పక్కనే ఉంది. నా ఈడు మనిషి. భర్త ఎర్రజెండా సంఘంలో తిరిగి, రజాకార్లకు దొరికి, మళ్లీ రాలేదు. ఇల్లు కాలింది. పిల్లను చంకన వేసుకొని ఊరూరూ దాటుకుంటూ గంజి దగ్గరికి చేరింది. అంత జరిగినా నోరు మాత్రం చావలేదు.

"గదేం డబ్బా అన్నా?" అని అడిగింది నేను కెమెరా కాళ్లు పాతుతుంటే.

"ఫోటో డబ్బా. దీంట్ల మీ మొఖాలు పడతయి."

"మా మొఖాలు మాకే బరువున్నయి. నువ్వెట్ల మోస్తవు?"

వరండాలో మసక వెలుతురు, బయట ముసురు. ఆ వెలుతురులో ఆ ప్లేటు మీద బొమ్మ పడాలంటే కెమెరా మూత తీసి కొంతసేపు ఉంచాలి. అంతసేపు ఎదుటి మనిషి కదలకూడదు. పెద్దవాళ్లయితే ఉంటారు, జ్వరం పిల్ల ఎట్లా ఉంటుంది? రెండు ప్లేట్లు పాడయ్యాయి. పిల్లలను తీసేటప్పుడు మా దుకాణంలో చేసే పని ఒకటే, తల్లిని వెనక కూర్చోబెట్టి పట్టుకోమనడం. దొరకు అదే చెప్పాను. సరే అన్నాడు. తన నోటితోనే సరే అన్నాడు, ఇది మరిచిపోవద్దు.

"రాజవ్వా, వెనక కూసొని బిడ్డను జర పట్టుకో. భుజం మీద చెయ్యెయ్యి."

"నేనొద్దన్నా. నా మొఖం సూస్తే సీమల అన్నం దింటరా?"

"నువ్వు పట్టుకోకుంటే బొమ్మ పడది."

"గట్లనా. అయితే పట్టుకుంట."

కొంగు సగం ముఖం మీదికి లాక్కొని కూర్చుంది. కుడి చెయ్యి లచ్చి భుజం మీద వేసింది. ఆ చేతి వేళ్ల వెనక, ఒక్కో వేలికి ఒక్కో పచ్చబొట్టు చుక్క. "నాయన చెయ్యి అనుకో బిడ్డా, కదలకు" అంది పిల్ల చెవిలో. పిల్ల వణుకు ఆగింది. నేను మూత తీశాను.

మెదక్‌కు వచ్చి ప్లేటు కడిగితే, ఇద్దరూ చక్కగా పడ్డారు. ఉస్తాద్ పేర్లు అడిగి అంచున సూదితో గీకాడు, రాజవ్వ, లచ్చి అని. నేను కాగితం మీద ఒక ప్రతి తీసి దాచుకున్నాను. ప్లేటు దొర పట్టుకుపోయాడు.

ఉస్తాద్ అడిగిన ఒక్క ఫోటో

దొర వెళ్లేముందు దుకాణంలో జరిగిన సంగతి కూడా రాయాలి, లేకపోతే ఈ పని మీకు సగమే అర్థమవుతుంది. ఉస్తాద్ తమ్ముడు వేరే ఊళ్లో ఉండేవాడు. రజాకారు కాదు, బట్టలు కుట్టి బతికేవాడు. పోలీస్ యాక్షన్ అయిన ఆ దినాల్లో అతన్ని చంపి బావిలో వేశారు. ఆ ఊళ్లో అట్లా మొగవాళ్లు పోయిన ఇళ్లు ఇంకా కొన్ని ఉండేవి. ఉస్తాద్ మూడు రోజులు దుకాణం తెరవలేదు, తర్వాత దొర లెక్క తీర్చడానికి వచ్చినప్పుడు ఈ మాట అన్నాడు.

"రత్నం, సాబ్‌కు చెప్పు. మా మర్దలున్నది, ఇంక ఆడోళ్లున్నరు. పోరగాండ్లకు తిండి లేదు. అటు గుడ గంజి పొయ్యమను. ఒక్క ఫోటో తియ్యమను. కెమెరా నాదే గద, ప్లేటు గుడ నేనే ఇస్త."

నేను చెప్పాను. దొర టోపీని చేతిలో తిప్పుకుంటూ ఇట్లా అన్నాడు. "మాకు దానం ఇచ్చినవాళ్లు ఒక కథ విని ఇచ్చారు. ఇప్పుడు ఇంకో కథ చెబితే వాళ్లకు అయోమయంగా ఉంటుంది."

ఉస్తాద్ నా ముఖం చూశాడు. "ఏమన్నడు?"

"ఇంకో కథ చెబితే వాళ్లకు సమజ్ గాదంటుండు ఉస్తాద్."

"కథనా?" అన్నాడు ఉస్తాద్. "మేం కథలమా రత్నం?"

నెల తిరక్కుండా దుకాణం మూసి పిల్లలతో హైదరాబాద్ పోయిండు, చుట్టాల దగ్గరికి. కెమెరా నాకిచ్చాడు. "నా ప్లేట్లు జాగ్రత్త బేటా. అన్నిటికి పేర్లున్నయి" అన్నాడు. మళ్లీ మెదక్ రాలేదు. ఎక్కడ పోయిండో, ఏ మట్టిలో కలిసిండో నాకు తెలియదు. ఉస్తాద్ ఫోటో ఒక్కటీ లేదు నా దగ్గర. జీవితమంతా కెమెరా వెనక నిలబడ్డ మనిషి.

"గీ పటంల నేనేది?"

మరుసటి ఏడాది ఆ సంఘం బంగ్లాకు సీమ నుంచి క్యాలెండర్లు వచ్చాయి. వరండాలో ఒకటి తగిలించారు. రాజవ్వ అప్పటికి మెదక్‌లోనే, ఆ బంగ్లాలో అంట్లు తోముతోంది. నాకు కబురు పంపింది.

పోయి చూస్తే గోడ మీద లచ్చి ఉంది, ఒక్కతే. చుట్టూ తెల్లని తెలుపు. ఆ తెలుపు ఎట్లా వచ్చిందో నాకు చూడగానే తెలిసింది, ఎర్ర రంగు పని. సీమలో చాలామంది ఆ తెలుపును చూసి, పిల్ల చుట్టూ ఏదో వెలుగు ఉందని ముచ్చటపడ్డారట. తర్వాత విన్నాను.

రాజవ్వ పటాన్ని చూస్తూ నిలబడింది. "లచ్చి మంచిగ వడ్డది," అంది. తర్వాత, "గీ పటంల నేనేది అన్నా?"

నేను పటం అంచు పట్టుకొని దగ్గరగా చూశాను.

"నువ్వు పట్టుకోకుంటే బొమ్మ పడదన్నవు గద. పట్టుకున్న. మరి నేనేడ పోయిన?"

కింద అక్షరాలు ఉన్నాయి. చదవమంది. చదవనన్నాను. చదవమంది. "ఈమెకు లోకంలో ఎవరూ లేరు, మీరు తప్ప." అదీ రాత. తెలుగులో చెప్పాను. రాజవ్వ ఏడవలేదు. దగ్గరికి పోయి లచ్చి భుజం మీద వేలు పెట్టింది.

అక్కడ నేను చూడనిది ఆమె చూసింది. తల్లి వేళ్లు పిల్ల చొక్కా మీద పడి ఉన్నాయి గద, వాటిని తీస్తే భుజం పోతుంది. అందుకని తుడిచినవాడు వేళ్లను బట్ట మడతల్లాగా నీడ దిద్దాడు. కానీ చుక్కలు మిగిలాయి. పచ్చబొట్టు చుక్కలు నాలుగు, నల్లగా, వరసగా. రాజవ్వ తన చెయ్యి తిప్పి నాకు చూపించింది, మళ్లీ పటం చూపించింది.

"నేనున్న," అంది. "ఇగో, ఇంత మిగిలిన."

పాఠం కావాలా? ఇదే పాఠం. దయ ఉన్నవాడు అబద్ధం ఆడడని అనుకోకండి. గంజి నిజం. ఆ గంజితో బతికిన పిల్లలను నా కళ్లతో చూశాను, లచ్చి కూడా వాళ్లలో ఒకతె. ఆ మేలును కాదనను. కానీ తల్లి పక్కన ఉంటే పిల్ల మీద జాలి తగ్గుతుందని లెక్కవేసినవాడు ఎవడో, వాడు మేలు చేసేవాళ్ల బల్ల దగ్గరే కూర్చొని ఉన్నాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ ఆకలితో ఉన్నారంటే చాలలేదా వాళ్లకు?

ఆయమ్మ

అబద్ధం గోడ మీదే ఉండిపోతే నేను ఇంత కోపం పెట్టుకునేవాణ్ని కాను. అది దిగి వచ్చి మనుషుల మధ్య నడిచింది. ఆ పటం చూసి దానం చేసినవాళ్లు, ఆ పిల్లను అనాథల హాస్టల్లో పెట్టి చదివించండి అన్నారు. హాస్టల్ సికింద్రాబాద్ అవతల, ఆ సంఘానిదే. రాజవ్వను అడిగారు. తిండి, చదువు, బట్ట, అన్నీ ఉన్నాయి. ఒక్కటే షరతు, అక్కడ తల్లి ఉందని చెప్పకూడదు. అనాథలకే చోటు.

"ఏమంటవన్నా?" అని నన్నడిగింది.

"నీ బిడ్డ, నీ ఇష్టం రాజవ్వా."

"నా ఇష్టం అడిగితే నా దగ్గర పెట్టుకుంట. దాని కడుపునడిగితే పంపుమంటది."

పంపింది. నెలకు చూడబోయింది. వార్డెనమ్మ సర్కారు జిల్లాల మనిషి, చెడ్డది కాదు, భయస్థురాలు. "ఈ పిల్లకు తల్లి లేదని పైనుంచి వచ్చిందమ్మా. నువ్వు తల్లినంటూ గేటు దగ్గర నిలబడితే పిల్లను పంపేస్తారు, నా ఉద్యోగం పోతుంది. కావాలంటే ఊడ్చే పని ఉంది, చెయ్యి. రోజూ చూసుకోవచ్చు" అందట.

రాజవ్వ చీపురు పట్టింది. తన బిడ్డ ఉన్న హాస్టల్లో ఊడ్చేది, నీళ్లు మోసేది. మిగతా పిల్లలందరూ ఆమెను ఆయమ్మ అనేవాళ్లు. లచ్చి కూడా ఆయమ్మ అనాలి, అన్నది. మొదట చెవిలో అమ్మా అని, పైకి ఆయమ్మా అని పిలిచేదట. కొన్నాళ్లకు చెవిలో కూడా ఆయమ్మా అనే వచ్చేది.

దానం చేసినవాళ్లకు ఏటా లచ్చి ఫోటో పంపాలి. ఆ పని నాదే. ఏటా పోయేవాణ్ని. రాజవ్వ పిల్లకు నూనె రాసి జడ వేసి, గౌను సర్ది, నిలబెట్టి, తాను వచ్చి కెమెరా పక్కన నిలబడేది. లచ్చి ఆమెను చూస్తూ నవ్వేది. సీమలో వాళ్లకు ఆ నవ్వు నచ్చేదట. ఎవరిని చూసి నవ్వుతోందో ఒక్కరూ అడగలేదు.

ఒక ఏడు నాకు చెయ్యి ఆడలేదు. "రాజవ్వా, నువ్వు గుడ వచ్చి నిలబడు" అన్నాను.

"నీ పని పోతదన్నా."

"పోనీ."

"కొంగు ఎయ్యాల్నా, వద్దా?"

"వద్దు. మొఖం మొత్తం కనబడాలె."

చీపురు పక్కన పడేసి, చేతులు కడుక్కొని, బిడ్డ పక్కన నిలబడింది. కుడి చెయ్యి భుజం మీద, మొదటిసారి ఎట్లా వేసిందో అట్లాగే. ఆ ఫోటో పంపాను, అడుగున తల్లీ బిడ్డల పేర్లు రాసి. జవాబు రాలేదు. మరుసటి ఏటి నుంచి హైదరాబాద్ ఫోటో మనిషిని పిలిపించారు. నన్ను మళ్లీ పిలవలేదు.

"నా మొఖం కోసం నీ పని పోగొట్టుకున్నవు గద," అంది రాజవ్వ తర్వాత కలిసినప్పుడు. "మంచిగనన్న వడ్డనా మరి?"

"మంచిగ పడ్డవు."

"అయితే రాయి. నా బిడ్డకు నేనున్ననని గా సీమోళ్లకు రాయి. జవాబు తెప్పియ్యి. ఇంకేమొద్దు నాకు."

జవాబు

రాశాను. అప్పటి నుంచి రాస్తూనే ఉన్నాను. పెళ్లి ఫోటోలు తీసి, పాస్‌పోర్టు ఫోటోలు తీసి, ఎన్నికల కార్డుల ఫోటోలు తీసి బతికాను. దుకాణం కొడుక్కు అప్పగించాను. రాయడం మాత్రం ఎవరికీ అప్పగించలేదు. కొన్ని ఉత్తరాలు అడ్రసు మారిందని తిరిగొచ్చాయి. కొన్ని ఎటు పోయాయో తెలియదు. క్షమాపణ అడగలేదు నేను. పటం కింద రాత మార్చమన్నాను. తల్లి పేరు వేయమన్నాను. అంతే.

లచ్చి చదువుకొని నర్సు అయింది. పని చేసి రిటైరు కూడా అయింది. రాజవ్వ ఆమె దగ్గరే ఉంది, చూపు పోయింది, చెవి మాత్రం బాగా వినబడుతుంది. లచ్చి నేటికీ తల్లిని ఆయమ్మ అనే పిలుస్తుంది. "నోరు గట్లనే అలవాటైంది మామా, అమ్మా అని పిలువబోతే నాకే ఎవర్నో పిలిచినట్టుంటది" అంది ఒకసారి. రాజవ్వ అక్కడే ఉంది. ఆ మాట విననట్టు కూర్చుంది. నేను పోయినప్పుడల్లా అడిగేది మాత్రం ఒకటే. "జవాబొచ్చిందా అన్నా?"

ఆఫ్రికా పోయి వచ్చిన కుర్రవాడి సంగతి మొదట చెప్పాను గద. వాడు అక్కడ కొన్న పుస్తకం ఒకటి నాకు చూపించాడు. ఆ ధర్మ సంఘం తన పాత ఫోటోలన్నీ కలిపి వేసిన పుస్తకం. అట్ట మీద లచ్చి ఉంది. ఒక్కతే, తెల్లటి తెలుపులో. భుజం మీద నాలుగు చుక్కలు. కింద అదే రాత. కొత్త అడ్రసు లోపల ఉంది. నేను దాచుకున్న పాత కాగితానికి ప్రతి తీయించి, రాజవ్వ ఎక్కడ కూర్చుందో, ఆమె చెయ్యి ఎక్కడ ఉందో, ఆ చుక్కలు ఏమిటో, అంచున ఉన్న ఉర్దూ గీతలు ఎవరి పేర్లో అన్నీ విడమరిచి ఇంకో ఉత్తరం రాశాను. దాన్ని ఆ కుర్రవాడే మంచి ఇంగ్లీషులో దిద్ది కంప్యూటర్‌లో కొట్టి ఇచ్చాడు. కాబట్టి నా ఇంగ్లీషు అర్థం కాలేదని ఈసారి అనడానికి లేదు.

ఈసారి జవాబు వచ్చింది. మందపాటి కాగితం, కింద సంతకం. రాజవ్వకు ఇంకా చదివి వినిపించలేదు. ఎట్లా వినిపించాలో నాకు తెలియడం లేదు. ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం దాన్ని తెలుగు చేసి కింద రాస్తున్నాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు.

"గౌరవనీయులైన రత్నం గారికి, మీ ఉత్తరానికీ, దానితో పంపిన ఫోటోకూ మా కృతజ్ఞతలు. ఆ చిన్నారి చిత్రం మా సంఘానికి ఎంతో ప్రియమైనది. దాన్ని చూసే దానం చేయడం మొదలుపెట్టామని ఈనాటికీ పెద్దవాళ్లు మాకు చెబుతూ ఉంటారు. మీరు చెప్పిన మహిళ విషయమై మా దగ్గర భద్రపరచిన ప్లేటును పరిశీలించాం. అందులో రెండో మనిషి ఎవరూ లేరు. అయితే మీరు రాసిన మీదట జాగ్రత్తగా చూడగా, ప్లేటు అంచున కొన్ని గీతలు, పిల్ల భుజం మీద నాలుగు నల్లని మచ్చలు కనిపించాయి. ఇంతకాలం మా కళ్లబడని ఈ లోపాలను చూపించినందుకు మీకు ధన్యవాదాలు. పుస్తకం కొత్త ముద్రణ కోసం వాటిని పూర్తిగా శుభ్రం చేయించాం."